భైరవకోన గుహాలయాలు: మూడు ముఖాలకు ఎన్ని పేర్లు?

కోన అంటే కొండల నడుమ నీటి జాడ ఉన్న లోయ. నెల్లూరు సీమలో పెంచలకోన, తిరుపతి అడవుల్లో తలకోన, నల్లమల తూర్పు కొసల్లో భైరవకోన. ఈ పేర్లన్నీ నీటిని చూసి పెట్టినవే. ముందుగా ఈ మాటను గమనించండి. ఎందుకంటే ఈ గుహాలయాల మీద వచ్చిన ఇంగ్లీషు గ్రంథాలు దాదాపు అన్నీ వీటిని 'భైరవకొండ' అనే రాశాయి. పురావస్తు పరిశోధకుడికి తొలిచిన రాయి ముఖ్యం కనుక అతని కంటికి కొండ కనిపించింది. ఊరివాడికి ఏరు, జలపాతం, వాటి పక్కన దేవుడు కలిసి ఒక చోటుగా తెలుసు కనుక అతను కోన అన్నాడు. ఒకే స్థలాన్ని ఇద్దరు రెండు రకాలుగా చూశారని పేరే చెబుతున్నది. ఈ పాఠ్యభాగంలో మన పని కూడా అటువంటిదే. గుహలను వర్ణించడం కంటే, ఆ గుహల గురించి మనకు అందుతున్న రాతలను రాతి పక్కన పెట్టి పరీక్షిద్దాం.

చోటు గురించి రెండు మాటలు చాలు. నెల్లూరు తీరం నుంచి పడమరగా ఉదయగిరి, సీతారామపురం దాటి కొత్తపల్లి చేరితే అక్కడికి దగ్గరలోనే భైరవకోన. ఈ ప్రాంతమంతా పాత నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, తరువాత దానికి ప్రకాశం పేరు వచ్చినప్పుడు ఈ గుహలు అటు వెళ్లాయి. అందుకే పాత పుస్తకాల్లో వీటిని నెల్లూరు జిల్లా గుహలుగా, నేటి పర్యాటక పత్రాల్లో ప్రకాశం జిల్లా గుహలుగా చూస్తారు. గ్రంథాలయంలో వెతికేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోకపోతే సగం సమాచారం మీకు దొరకదు.

అక్కడ మొత్తం ఎనిమిది శివాలయాలు ఉన్నాయి. ఏడు తూర్పు ముఖంగానూ, ఒకటి ఉత్తర ముఖంగానూ తొలిచారు. గర్భాలయం, ద్వారపాలకులు, స్తంభాలు ఉన్నచోట స్తంభాలు, ఇవన్నీ కొండరాతిలోనే మలిచినవి. లింగాలు మాత్రం ఎక్కువగా వేరే రాతితో చేసి తెచ్చి ప్రతిష్ఠించినవి. కొన్ని గుహలకు స్తంభాలతో ముఖమండపం ఉంది. కొన్ని కేవలం ఒక గది, దాని వాకిట ఇద్దరు ద్వారపాలకులు, అంతే. స్తంభాల మీద సింహాలు కనిపిస్తాయి. ఏదీ పెద్దది కాదు. ఈ చివరి మాటను ఎవరూ రాయరు గాని, నా ఉద్దేశంలో ఇది చాలా ముఖ్యమైన లక్షణం. దీనికి మళ్లీ వద్దాం.

'పల్లవ' అనే మాట

భైరవకోన గురించి మీరు ఏ కరపత్రం చదివినా మొదటి వాక్యంలో 'పల్లవులు' ఉంటారు. ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది? పురావస్తు శాఖ అధికారి ఎ.హెచ్.లాంగ్‌హర్స్ట్ 'పల్లవ ఆర్కిటెక్చర్' పేరుతో రాసిన గ్రంథం మొదటి భాగం 1924లో వెలువడింది. అందులో తమిళదేశపు గుహలతోపాటు ఉండవల్లినీ, భైరవకోననూ కూడా పల్లవ శిల్పం కిందనే చర్చించారు. ఆ తరువాత వచ్చిన సాధారణ చరిత్ర పుస్తకాలు ఆ వర్గీకరణను తీసుకున్నాయి, వాటి నుంచి పాఠ్యపుస్తకాలు, పాఠ్యపుస్తకాల నుంచి పర్యాటక పత్రాలు. తరువాతి పరిశోధకులు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఈ గుహల్లో చాళుక్య లక్షణాలు కూడా ఉన్నాయని, కాలం కూడా కొంత దిగువకు తేవాలని వాదించారు. 7వ శతాబ్ది మొదలు 9వ శతాబ్ది దాకా వేర్వేరు కాలాలు ప్రతిపాదనలో ఉన్నాయి. ఈ వివాదం పరిశోధన గ్రంథాల్లోనే ఉండిపోయింది, కరపత్రం దాకా రాలేదు.

ఇక్కడ మీరు నేర్చుకోవలసిన భేదం ఒకటి ఉంది. 'పల్లవ గుహాలయం' అనే మాటకు కనీసం మూడు అర్థాలు చెప్పవచ్చు. పల్లవ రాజు తొలిపించినది అని ఒక అర్థం. పల్లవుల కాలంలో తొలిచినది అని మరొకటి. పల్లవ శైలిలో ఉన్నది అని ఇంకొకటి. ఈ మూడింటికీ కావలసిన ఆధారాలు వేరు. మొదటిదానికి శాసనం కావాలి. రెండోదానికి లిపి, రాజకీయ చరిత్ర కావాలి. మూడోదానికి స్తంభాన్నీ, ద్వారపాలకుణ్నీ, శిరోభూషణాన్నీ ఇతర గుహలవాటితో పోల్చి చూపాలి. పల్లవ మహేంద్రవర్మ (సుమారు క్రీ.శ. 600-630) విషయంలో మొదటి రకం ఆధారం నిజంగానే ఉంది. మండగపట్టు గుహలో ఆయన వేయించిన శాసనం ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు ఆలయం కట్టించానని చెబుతుంది. ఒక రాజు తన కొత్త ప్రయోగాన్ని తానే ప్రకటించుకున్న సందర్భమది. భైరవకోనలో ఈ ఎనిమిదీ నేను తొలిపించానని చెప్పుకున్న పల్లవ రాజు శాసనం లేదు. అంటే కరపత్రం మొదటి అర్థంలో చెబుతున్న మాటకు మన దగ్గర ఉన్నది, ఉంటే, మూడో రకం ఆధారం మాత్రమే.

పల్లవులకు ఈ నేలతో సంబంధం లేదని నేను అనడం లేదు. పల్లవుల తొలి సంస్కృత శాసనాలు కొన్ని ఈ కర్మరాష్ట్రం, నెల్లూరు ప్రాంతాలవే. ఓంగోడు శాసనం పేరులోనే ఒంగోలు వినిపిస్తుంది. అయితే 7వ శతాబ్ది తొలి పాదంలో రెండో పులకేశి తూర్పుతీరం మీదికి వచ్చిన తరువాత వేంగిలో తూర్పు చాళుక్యులు నిలదొక్కుకున్నారు. అప్పటి నుంచి ఈ భూమి ఇద్దరి నడుమ సరిహద్దు. 9వ శతాబ్ది మధ్యనాటి అద్దంకి శాసనాన్ని మీరు తెలుగు సాహిత్య చరిత్రలో తరువోజ పద్యం కోసం చదివే ఉంటారు. దాన్ని ఈసారి ఛందస్సు పక్కన పెట్టి, చరిత్ర కోసం చదవండి. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను పట్టుకున్నాడనీ, కందుకూరును బెజవాడ అంతటి దాన్ని చేశాడనీ అందులో ఉంది. కాబట్టి ఈ కొండల తూర్పున కోటలు, సొంత బలం ఉన్న బోయలు ఉన్నారు. పల్లవుడు దక్షిణాన, చాళుక్యుడు ఉత్తరాన, బోయలు మధ్యలో. ఇటువంటి నేల మీద పనిచేసిన శిల్పి రెండు వైపుల పనితనమూ చూసి ఉంటాడు. శైలి కలిసిపోయిందంటే ఆశ్చర్యం ఏముంది? ఆ కలయికను పట్టుకుని దక్షిణం నుంచి దిగుమతి అయిన కళగా రాసేస్తే, స్థానిక శిల్పి చేతికి మిగిలేది సుత్తి మోసిన పేరు మాత్రమే.

మూడు ముఖాల మూర్తి

ఇప్పుడు నా ఉద్దేశంలో భైరవకోనకు గుండెకాయ వంటి సంగతికి వస్తాను.

గుహల్లో ఒకచోట మూడు ముఖాల మూర్తి ఉంది. దానికి ఎదుట శివలింగం. ఈ మూర్తిని భక్తులు త్రిముఖ దుర్గాంబగా కొలుస్తారు. కుడి ముఖం ఉగ్రం, అది మహాకాళి అంటారు. నడిమి ముఖం ప్రసన్నం, మహాలక్ష్మి. ఎడమ ముఖం స్త్రీ సౌకుమార్యంతో అద్దం చూసుకుంటున్నట్టు ఉంటుంది, సరస్వతి. కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల ఈ అమ్మవారి మీద పడుతుందని, ఆ రాత్రి దర్శనం విశేషమని నమ్మకం. పర్యాటక రాతలన్నీ ఈ వెన్నెల దగ్గర ఆగుతాయి.

మీరు ప్రతిమాశాస్త్రం పాఠంలో ఎలిఫెంటా మూర్తి బొమ్మ చూశారు. దాన్ని గుర్తు చేసుకోండి. అక్కడ కూడా మూడు ముఖాలు. ఒక పక్క ఉగ్ర ముఖం, నడుమ ప్రశాంత ముఖం, మరొక పక్క స్త్రీ ముఖం. చాలాకాలం దాన్ని బ్రహ్మ, విష్ణు, శివుల 'త్రిమూర్తి' అన్నారు. నేటికీ ఆ పేరు జనంలో పోలేదు. ఆ ముఖాలన్నీ శివునివేనని, అది మహేశమూర్తి అని టి.ఎ.గోపీనాథరావు తన 'ఎలిమెంట్స్ ఆఫ్ హిందూ ఐకనోగ్రఫీ'లో వివరించారు. విష్ణుధర్మోత్తర పురాణం మహాదేవుని అయిదు ముఖాలు చెబుతుంది: సద్యోజాతం, వామదేవం, అఘోరం, తత్పురుషం, ఈశానం. గోడకు చెక్కిన మూర్తిలో మూడే కనిపిస్తాయి. ఉగ్రమైన అఘోర ముఖానికి ఆ పురాణంలో భైరవమనే పేరు ఉంది. వామదేవ ముఖం ఉమది. ఆమె చేతిలో ఉండవలసినవిగా చెప్పినవి కలువ, అద్దం.

అద్దం! భైరవకోనలో ఎడమ ముఖం దగ్గర ఉన్న అద్దం ఎవరిది? సరస్వతికి వీణ ఉంటుంది, పుస్తకం ఉంటుంది, అక్షమాల ఉంటుంది. అద్దం ఆమె లాంఛనాల్లో మామూలుగా కనిపించేది కాదు. ఉమకైతే శాస్త్రమే చెప్పింది. కుడివైపు ఉగ్రముఖం, నడుమ శాంతం, ఎడమన అద్దంతో స్త్రీముఖం అన్న ఈ వరుస మహేశమూర్తికి చక్కగా సరిపోతుంది. కనుక చెక్కిన నాడు ఇది శివమూర్తే అయి ఉంటుందన్న వైపు నేను మొగ్గుతాను. చుట్టూ ఉన్నవన్నీ శివాలయాలే కావడం కూడా ఈ ఊహకు తోడు. ఉగ్ర ముఖానికి భైరవమని పేరు, కోనకు భైరవుని పేరు ఉన్నాయి గదా, రెండింటికీ ముడి పెట్టవచ్చునా అని చురుకైన విద్యార్థి అడుగుతాడు. అడగడం మంచిదే, పెట్టడం మాత్రం వద్దు. భైరవుడు ఇక్కడ క్షేత్రపాలకుడన్న సంప్రదాయం విడిగానే ఉంది. పేరుకు ఆ వివరణ చాలు. రెండు విషయాలు అందంగా అతుకుతున్నాయంటే అనుమానించడం విమర్శకుడికి మంచి అలవాటు.

మరి దుర్గాంబ అన్న పేరు తప్పా? పరీక్ష పత్రాల్లో చాలామంది ఇక్కడే జారతారు. "భక్తులు పొరపాటుగా దుర్గ అని పిలుస్తారు" అని రాస్తారు. ఆ వాక్యం రాసేముందు ఆలోచించండి. గుహ ఎవరి ఆదరణలో తొలిచారో ఆ ఆదరణ పోయింది. ఏ శైవ శాఖ ఇక్కడ పూజ చేసిందో ఆ శాఖా పోయింది. ఆ తరువాత ఎన్ని వందల ఏళ్లో ఈ మూర్తికి దీపం పెట్టింది అమ్మవారి భక్తులు. మూడు ముఖాల్లో ఒకటి నిస్సందేహంగా స్త్రీముఖం. దాన్ని చూసిన వాళ్లు మూర్తి మొత్తాన్ని తల్లిగా చదివారు. శక్తి లేని శివుడు లేడని చెప్పే సంప్రదాయంలో ఇది అంత దూరపు చదువు కూడా కాదు. పండితుడు శివుడిలో స్త్రీని చూశాడు, భక్తురాలు స్త్రీలోనే అంతా చూసింది. నా మటుకు నాకు శిల్పం జీవితం చెక్కిన నాటితో ముగియదు. మహేశమూర్తి అన్నది దాని పుట్టుక, దుర్గాంబ అన్నది దాని బతుకు. పేరుపలక మీద రెండూ ఉండాలి.

కరపత్రం మీద నా ఫిర్యాదు ఇక్కడిది. అది పండితుడి మాటా చెప్పదు, భక్తురాలి మాటా పూర్తిగా చెప్పదు. ఉగ్రం, శాంతం, అద్దం అనే మూడు వివరాలను వదిలేసి వెన్నెలను మాత్రమే పట్టుకుంటుంది. వెన్నెలలో వింత ఎంత ఉందో కొంచెం లెక్క వేసుకుందాం. పౌర్ణమి నాడు సూర్యాస్తమయ వేళకు చంద్రుడు తూర్పున ఉదయిస్తాడు. తూర్పుకు తెరుచుకున్న గుహ ఏదైనా, ఎదుటి కొండ అంచు మరీ ఎత్తు కాకపోతే, ఆ రాత్రి కొంతసేపు వెన్నెల లోపలికి రావడం సహజం. కార్తీకంలో వానలు తగ్గి ఆకాశం తేటపడే రోజులు వస్తాయి, శివునికి దీపాల మాసం, జనం రాత్రి కోనలోనే ఉంటారు. కనుక చూసేవాళ్లూ ఉంటారు. ఆ అనుభవాన్ని తక్కువ చేయనక్కరలేదు. దాన్ని 'అంతుపట్టని అద్భుతం' చేసి అమ్మడమే అభ్యంతరకరం. అద్భుతాన్ని చూడడానికి వచ్చినవాడు వెన్నెల పడిందా లేదా అని చూస్తాడు, అద్దాన్ని చూడడు.

ఎనిమిది పేర్లు

లింగాల పేర్ల విషయంలో నా అభిప్రాయం వేరు. శశినాగ, రుద్రేశ్వర, విశ్వేశ్వర, నగరికేశ్వర, భర్గేశ్వర, రామేశ్వర, మల్లికార్జున లింగాలని ఏడు పేర్లు చెబుతారు. ఎనిమిదోది ఒక చోట పక్షఘాత లింగమనీ, మరొక చోట పక్షమాలిక లింగమనీ కనిపిస్తుంది. అచ్చులో పేరు ఇలా ఊగిసలాడడమే ఇవి నోటి మీద నడిచిన పేర్లని తెలుపుతున్నది. కాలనిర్ణయానికి ఇవి పనికిరావు. అయినా వీటిని కొట్టిపారేయకండి. విశ్వేశ్వరుడంటే కాశీ. రామేశ్వరుడంటే సేతువు. మల్లికార్జునుడంటే శ్రీశైలం. ఈ కోన చుట్టుపక్కలవి మెట్టపంటల మీద, వాన మీద ఆధారపడ్డ కరువు సీమ పల్లెలు. కాశీకి పోలేని మనిషి కార్తీక మాసంలో ఒక ఏటి ఒడ్డున నడిచి కాశీ, రామేశ్వరం, శ్రీశైలం చూసి ఇంటికి పోతాడు. ఎనిమిది చిన్న గుహలను దేశపటంగా చదువుకున్న ఈ ఊహ, ఈ చోటు మీద వచ్చిన వ్యాఖ్యానాల్లో నాకు చాలా ఇష్టమైనది. దాన్ని రాసిన పండితుడెవరూ లేరు.

ఇందాక చిన్నవి అన్నాను గదా. పర్యాటక భాషకు చిన్నతనం పనికిరాదు. అందుకే భైరవకోనను ఎలిఫెంటాతోనూ, అమర్‌నాథ్‌తోనూ, మహాబలిపురంతోనూ పోల్చడం పరిపాటి అయింది. ఎల్లోరా 1983లో, మహాబలిపురం 1984లో, ఎలిఫెంటా 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. వాటి సరసన పేరు వినబడితే గౌరవమని రాసేవారి ఆశ. ఫలితం ఇందుకు విరుద్ధం. ఎలిఫెంటాలో ఆ మూర్తి ఒక్కటే దాదాపు 20 అడుగుల ఎత్తు. ఆ కొలతను మనసులో పెట్టుకుని కోనకు వచ్చినవాడు పది నిమిషాల్లో నిరాశపడి జలపాతం వైపు పోతాడు. ఉండవల్లిలో కూడా దాదాపు ఇదే తంతు. పెద్ద అనంతశయన మూర్తి దగ్గర ఫోటో దిగి, మిగతా అంతస్తుల్లో ఏముందో చూడకుండా వెనుదిరిగే వాళ్లే ఎక్కువ. మొగల్రాజపురం గుహలు బెజవాడ నడిబొడ్డున ఉండి కూడా ఆ మాత్రం చూపుకైనా నోచుకోలేదు.

పోలిక తప్పని నేను అనను. పోలిక లేకుండా కళావిమర్శ నడవదు. పైన నేను చేసిందీ పోలికే. తేడా ఎక్కడుందంటే, లక్షణాన్ని లక్షణంతో పోలిస్తే జ్ఞానం వస్తుంది, కీర్తిని కీర్తితో పోలిస్తే పేరు అరువు వస్తుంది.

ఇది మాటల తగాదాగా మాత్రమే మిగిలితే ఈ పాఠం అక్కర లేదు. పేరును బట్టే సంరక్షణ సాగుతుంది. వారసత్వం అంటే జలపాతం, వెన్నెల అని అనుకున్న చోట డబ్బు మెట్లకూ, దీపాలకూ, విడిది గదులకూ పోతుంది. పూజలో ఉన్న రాతిగుళ్లలో సున్నం పూతలు, రంగులు, గచ్చు పలకలు ఎలా వస్తాయో మీ ఊరి పాత గుడిలోనే మీరు చూసి ఉంటారు. అవి పెట్టించినవాళ్లు చాలావరకు భక్తితోనే పెట్టించారు. ద్వారపాలకుడి కాలి దగ్గర రెండు అంగుళాల మందాన గచ్చు పడితే అతను నిలబడిన తీరు ఏ శైలిదో చెప్పే ఆధారం ఒకటి పోయిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తొలిచిన గుడికి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. కట్టిన గుడిలో రాయి పోతే మరో రాయి పెట్టవచ్చు. ఇక్కడ పోయినదాని చోట పెట్టేది ఏదైనా అతుకే. శిల్పికి కూడా అంతే. పైనుంచి కిందికి, ముందు నుంచి లోపలికి తొలుచుకుంటూ పోయాడు, ఎక్కువ తీసిన చోట మళ్లీ కలపలేడు. ఆ జాగ్రత్తలో పదో వంతు మనం చూపిస్తే గుహలు నిలుస్తాయి.

మీరు చేయవలసిన పని

భైరవకోనకు గాని, మీకు దగ్గరలోని ఏ గుహాలయానికి గాని వెళ్లండి. పేరుపలక ముందు చదవకండి. ఏ దిక్కుకు తెరుచుకుందో, స్తంభం అడుగు నుంచి బోదె దాకా ఆకారం ఎక్కడెక్కడ మారిందో, ద్వారపాలకుల చేతుల్లో ఏముందో పుస్తకంలో రాసుకోండి. బొమ్మ గీయడం రాకపోయినా గీయండి. ఆ తరువాత పలక చదివి, మీ రాతతో సరిపోని మాటల కింద గీత పెట్టండి. అర్చకుడు చెప్పే పేర్లను ఆయన చెప్పినట్టే రాయండి, దిద్దవద్దు. వ్యాసంలో 'పల్లవ' అని రాస్తే పైన చెప్పిన మూడు అర్థాల్లో దేన్ని ఉద్దేశించారో, ఆధారం ఏమిటో పక్కనే చేర్చండి.

మూడు ముఖాల మూర్తికి చీరె, పసుపు, పూలు ఉంటాయి గనుక మామూలు వేళ ముఖాలు తప్ప మరేమీ సరిగా కనిపించవు. అభిషేక వేళ అలంకారం తీస్తారేమో అర్చకుణ్ని అడిగి, ఆయన అనుమతిస్తే, ఒక పక్కగా నిలబడి ఎడమ ముఖం దగ్గరి చేతిని చూడండి. అందులో ఉన్నది అద్దమో, మరొకటో మీ కంటికి కనిపించినట్టు రాయండి.